అంగన్‌వాడీలో చెక్క దిమ్మెలు పెడితే తల్లిదండ్రులు ఒప్పుకుంటారా?

తంగేడుపువ్వు, నల్లగొండ జిల్లా

అందరికీ నమస్కారం. దేవరకొండ వైపు ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్నాను. మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు ఇరవై మంది దాకా వస్తారు. ఉన్నది ఒకే గది. ఒక మూల వంట సామాను, గుడ్ల ట్రేలు, ఇంకో మూల బరువు తూచే యంత్రం, రిజిస్టర్లు. మిగిలిన చోటే బడి.

మా దగ్గరి కోత మిషను యజమాని మిగిలిన చెక్క ముక్కలు ఎన్ని కావాలన్నా ఊరికే తీసుకెళ్లమన్నారు. వాటితో పిల్లలు ఇళ్లు, వంతెనలు కట్టుకునే దిమ్మెలు చేయించాలని ఉంది. ఎలాంటి చెక్క, ఏ కొలత, ఎన్ని కావాలో తెలిసినవారు చెప్పండి.

అసలు చిక్కు వేరే ఉంది. పలక మీద అక్షరాలు కనిపిస్తేనే మా ఊళ్లో దాన్ని చదువు అంటారు. జూన్ రాగానే ప్రైవేటు బడి బస్సు ఊళ్లోకి వస్తుంది, నాలుగేళ్లు నిండినవాళ్లు చాలామంది అందులో ఎక్కేస్తారు. నేను దిమ్మెలు పరిచానంటే జూన్ దాకా కూడా ఆగరేమోనని భయం.

చిత్రిక, మిర్యాలగూడ

మేడమ్, వడ్రంగం నా వృత్తి. ముక్కలు ఊరికే వస్తున్నాయి కదా అని ఉన్నవి ఉన్నట్టు పిల్లల ముందు పోయకండి.

నల్లతుమ్మ వద్దు, బరువెక్కువ, కాలి మీద పడితే వాచిపోతుంది. మామిడి తేలికే గానీ పురుగు పట్టి పొడి రాలుతుంది. ప్లైవుడ్ అంచులు పొరలుగా లేచి గుచ్చుకుంటాయి. పాత తలుపుల చెక్కకు రంగు ఉంటే ముట్టుకోకండి, పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, ఈ వయసు పిల్లలు ఏదైనా నోట్లో పెట్టుకుంటారు. టేకు ముక్కలు దొరికితే మంచిది, లేదంటే బాగా ఆరిన వేప. పచ్చి చెక్కతో చేస్తే ఎండాకాలానికి వంకర తిరిగి ఒకదాని మీద ఒకటి కూర్చోవు.

కొలత: పొడవు 14 సెంటీమీటర్లు, వెడల్పు 7, మందం 3.5. మందానికి రెట్టింపు వెడల్పు, వెడల్పుకు రెట్టింపు పొడవు. ఇది అసలు దిమ్మె. వెడల్పు, మందం మార్చకుండా దీనికి సగం 7, రెట్టింపు 28, నాలుగింతలు 56 చేస్తాం. అసలు దిమ్మెలు ఎక్కువ ఉండాలి, 28వి వాటిలో సగం, 56వి కొన్ని చాలు. ఒకేసారి నలుగురైదుగురు ఆడేట్టయితే వందతో మొదలుపెట్టవచ్చు.

పని తెలిసినవాళ్లు కూడా తప్పే చోటు ఒకటుంది. 14 దిమ్మెను నడిమికి కోస్తే రెండు సగాలు వస్తాయనుకుంటారు. రావు. రంపం రెండు మూడు మిల్లీమీటర్లు తినేస్తుంది, ఒక్కో ముక్కా 7కు తగ్గుతుంది. ఆ రెండూ కలిపి పెద్దదాని పక్కన పెడితే పొట్టిగా ఉంటాయి. రెండు చిన్నవి ఒక పెద్దదానికి సమానమని పిల్ల చేత్తో తెలుసుకోవలసిన చోట చెక్కే అబద్ధం చెప్పినట్టవుతుంది. కాబట్టి సగాలను విడిగా 7కు కొలిచి కోయించండి. ప్రతి మూలకూ మూలమట్టం పెట్టి చూడమనండి. అంచులకు గరుకు కాగితం పట్టించండి, మరీ గుండ్రం చేస్తే నిలబడవు. వార్నిష్ అక్కర్లేదు, అవిసె నూనె పలచగా రాస్తే చాలు. నూనె గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి, వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. విప్పి ఆరబెట్టాకే పారేయాలి.

ఇద్దరాడపిల్లల తండ్రి, నకిరేకల్

టీచరు మీద కోపం లేదు గానీ ఈ ఆటల చదువు మాట విని విని విసుగొచ్చింది. మా పెద్దమ్మాయి అంగన్‌వాడీకే వెళ్లింది. పాటలు పాడించారు, అన్నం పెట్టారు, పడుకోబెట్టారు. తర్వాత ప్రైవేటు బడిలో ఒకటో తరగతిలో వేస్తే అక్కడి పిల్లలు వంద దాకా అంకెలు రాస్తున్నారు. మా పాపను వెనక వరుసలో కూర్చోబెట్టారు. నష్టపోయింది ఎవరు?

ఇంట్లో చదువు చెప్పేవాళ్లున్న పిల్లలకు బడిలో చెక్క ముక్కలిచ్చినా సాగుతుంది. మా ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. అంగన్‌వాడీలో దొరికే ఆ కాస్త సమయమూ ఆటకే పోతే మా పిల్లలకు చదువు ఎక్కడి నుంచి వస్తుంది?

ఒకటో తరగతి పంతులమ్మ, కల్వకుర్తి

అన్నా, మీ పాపను వెనక వరుసకు పంపినవాళ్లది తప్పు. మీ బాధ న్యాయమైనదే.

కానీ ఏటా నా ముందుకు వచ్చే పిల్లల సంగతి చెబుతాను. వంద దాకా గడగడా రాసే పిల్లవాడిని పదిహేడు చింతగింజలు తెమ్మంటే గుప్పెడు తెచ్చి బల్ల మీద పోస్తాడు. అంకె వేయడం వచ్చింది, అది ఎంతో తెలియదు. అక్షరాల దగ్గరా ఇదే గొడవ. ‘ప’కూ ‘వ’కూ ఉన్న తేడా ఏమిటి? తలకట్టు అంటుకుని ఉందా, ఎడంగా ఉందా అన్నదే. పైన, కింద, అంటుకుని, ఎడంగా, ఇటువైపు, అటువైపు అనేవి కంటికీ చేతికీ తెలియని పిల్ల పలక మీద ఎన్నిసార్లు దిద్దినా చూసి గీస్తుంది, అంతే.

దిమ్మెలతో కట్టేటప్పుడు ఆ పనే జరుగుతుంది. పొడుగు దిమ్మెలు అయిపోతే పిల్లలు రెండు పొట్టివి తెచ్చి ఆ ఖాళీ నింపుతారు. దాన్ని నేను మూడో తరగతిలో భిన్నాలని చెబుతాను, సగం మందికి అప్పుడూ అర్థం కాదు.

దేవరకొండ కోడలు

మా వాడికి దిమ్మెలు కొనకపోయినా అగ్గిపెట్టెలు, పోపు డబ్బాలు, వాళ్ల తాత మందుల పెట్టె అన్నీ కలిపి ఫ్లైఓవర్ కట్టేస్తున్నాడు. జీలకర్ర కావాలంటే వంతెన కూల్చాలి, కూలిస్తే ఇల్లు దద్దరిల్లుతుంది. తొందరగా ఆ కొలతలు మా వడ్రంగికి కూడా ఇస్తాను.

విశ్రాంత ఉపన్యాసకుడు, మహబూబ్‌నగర్

కాబోయే టీచర్లకు శిక్షణ ఇచ్చే డైట్ కళాశాలలో చాలాకాలం పాఠాలు చెప్పినవాడిని. నాలుగు మాటలు, కాస్త పెద్దవే.

చెక్క ఘనాలను బడిలోకి తెచ్చినవాడు జర్మనీకి చెందిన ఫ్రోబెల్. 1837లో బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల బడి తెరిచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఒక పెద్ద ఘనాన్ని ఎనిమిది చిన్న ఘనాలుగా కోసి పెట్టెలో పెట్టి పిల్లల చేతికిచ్చాడు. అంతకుముందు ఆయన స్ఫటికాల శాస్త్రం చదివాడు, ఆ ప్రభావం ఆ పెట్టెల్లో బాగా కనిపిస్తుంది. 1851లో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించింది. పసిపిల్లల ఆట చూసి రాజ్యం కంగారుపడటం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

చిత్రిక గారు చెప్పిన ఒకటికి రెండు, రెండుకు నాలుగు అన్న కొలత అమెరికాకు చెందిన కరొలైన్ ప్రాట్‌ది. ఆమె స్వయంగా చెక్కపని నేర్పిన టీచరు. 1914లో న్యూయార్క్‌లో బడి పెట్టారు. ఆ దిమ్మెలకు పేటెంటు తీసుకోలేదు, అందుకే మిర్యాలగూడలో కూడా నిక్షేపంగా చేసుకోవచ్చు. మాంటిస్సోరి బడుల్లో వాడే గులాబీ గోపురం అనే ఆటవస్తువులో ఒక సెంటీమీటరు నుంచి పది దాకా పది ఘనాలుంటాయి, అక్కడ సరైన వరుస ఒక్కటే. ప్రాట్ దిమ్మెల్లో అలాంటి ఒకే జవాబు ఉండదు. రెండూ మంచివే, పని వేరు.

టీచరుకు ఎక్కువ పనికొచ్చేది న్యూయార్క్‌లో పసిపిల్లల బడి నడిపిన హారియెట్ జాన్సన్ 1933లో రాసిపెట్టిన పరిశీలన. పిల్లలు మొదట దిమ్మెలను ఊరికే మోసుకు తిరుగుతారు. తర్వాత నిలువుగా పేరుస్తారు, వరుసగా పరుస్తారు. ఆ తర్వాత వంతెన వస్తుంది. రెండు దిమ్మెలు ఎడంగా నిలబెట్టి పైన ఒకటి పెట్టబోతే అది అందక మధ్యలో పడిపోతుంది. అక్కడ ఆగి చూడండి మేడమ్. ఒక పిల్ల స్తంభాలను దగ్గరకు జరుపుతుంది. ఇంకో పిల్ల లేచి వెళ్లి పొడుగు దిమ్మె తెస్తుంది. రెండూ సరైనవే, రెండూ ఆలోచనే. ‘ఇలా పెట్టమ్మా’ అని మీ చేయి ముందుకు వెళ్లిందా, ఆ రెండు దారులూ మూసుకుపోతాయి. తర్వాత నాలుగువైపులా మూసిన దొడ్లు, ఆపై రెండు పక్కలా సమానంగా ఉండే అలంకారాలు. అప్పటికి గానీ ‘ఇది మా ఇల్లు’ అనే మాట రాదు. చివరికి తాము చూసిన కట్టడాన్నే కట్టబోతారు. మోసుకు తిరిగే దశలో ఉన్నవాడిని ‘ఏం కట్టావు నాన్నా?’ అని అడిగితే పాపం మన మొహం చూస్తాడు.

నకిరేకల్ సోదరులకు: ఇది టీచరు సొంత సరదా కాదు. 2020 విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా చూసింది. ఆ దశకు 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఆట ద్వారానే నేర్పమంటుంది. 2023 ఫిబ్రవరిలో విడుదలైన జాదూయీ పిటారా అనే బొమ్మల పెట్టె దాని కోసమే.

పాలమూరు మేస్త్రీ, ప్రస్తుతం పుణే

పెద్దలు మాట్లాడుతున్నారు, నేను చదువుతూ ఉన్నాను. ఒక మాట అడుగుతాను.

మా తాత నాగార్జునసాగర్ కట్టేటప్పుడు రాళ్లు మోశాడు. అది సిమెంటు కాంక్రీటు ఆనకట్ట కాదు, రాతి కట్టడం. 1955లో పునాదిరాయి వేసినవారి పేరు అందరికీ తెలుసు, మిగతా రాళ్లు వేసినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. మా నాన్న మట్టి పని. నేను ఇటుక పని. నా కొడుకు ఊళ్లో మా అమ్మ దగ్గరుండి అంగన్‌వాడీకి వెళుతున్నాడు. నేను ఇటుకలు మోసి డబ్బు పంపేది వాడు ఇటుక ముట్టకూడదనే. అక్కడ కూడా వాడి చేతిలో ఇటుకలే పెడతారా? నేను పనిచేసే చోట అపార్టుమెంట్లలోని పిల్లలకు అవి ఆట. మా పిల్లలకు అది మా ఇంటి పని. ఈ తేడా మీ పుస్తకాల్లో ఎక్కడైనా రాశారా?

ఇద్దరాడపిల్లల తండ్రి, నకిరేకల్

నేను చెప్పలేకపోయింది ఇదే.

విశ్రాంత ఉపన్యాసకుడు, మహబూబ్‌నగర్

మేస్త్రీ గారూ, పుస్తకాల్లో రాయలేదు. రాయాల్సింది.

ఒక ఉదాహరణ మాత్రం చెప్పగలను. ఫ్రాంక్ లాయిడ్ రైట్ అని అమెరికాలో పేరుమోసిన భవనశిల్పి. ఆయన తల్లి 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఫ్రోబెల్ పెట్టెలు చూసి కొడుక్కి కొనిచ్చింది. ముసలితనంలో కూడా ఆయన ఆ చెక్క ముక్కలను తలచుకున్నాడు.

పాలమూరు మేస్త్రీ, ప్రస్తుతం పుణే

వాళ్ల అమ్మ కొనిచ్చింది కాబట్టి భవనశిల్పి అయ్యాడు. ఆయన గీసినవి కట్టిన మేస్త్రీల అమ్మలు ఏం కొనిచ్చి ఉంటారు సార్?

ఒకటో తరగతి పంతులమ్మ, కల్వకుర్తి

మేస్త్రీ తమ్ముడూ, నేనూ ఒకటి అడగనా? మీ సైటులో గోడ ఎక్కడ రావాలి, తలుపు ఎటు తెరుచుకోవాలి అని ఎవరు చెబుతారు?

పాలమూరు మేస్త్రీ, ప్రస్తుతం పుణే

కాగితం మీద వస్తుంది. ఇంజినీరు చెబుతాడు. తప్పని నాకు తెలిసినా చెప్పే వీలు ఉండదు.

ఒకటో తరగతి పంతులమ్మ, కల్వకుర్తి

ఈ ఆటలో కాగితం ఉండదు, ఎక్కడ ఏది రావాలో మీవాడే చెబుతాడు. కూలితే ఎందుకు కూలిందో వాడే వెతుక్కుంటాడు. టీచరు కూడా అడ్డం రాకూడదు. అదీ సంగతి. ఇప్పుడు కూడా మీకు వద్దనిపిస్తే వద్దనండి, మీ మాటకు విలువ ఉంది.

లెక్కలు చూసేవాడు, సొంతూరు సూర్యాపేట

కాస్త చల్లటి నీళ్లు పోస్తాను, ఏమీ అనుకోకండి. ‘దిమ్మెలతో ఆడితే తెలివి పెరుగుతుంది’ అని బొమ్మల డబ్బాల మీద రాసేదంతా నమ్మకండి. అమెరికాలోని సియాటిల్ పరిశోధకులు 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లలున్న ఇళ్లకు దిమ్మెలు పంపారు. ఆరు నెలల తర్వాత ఆ పిల్లలు మాటల్లో కాస్త ముందున్నారు. ఏకాగ్రతలో తేడా కనిపించలేదు. దానికి డబ్బిచ్చింది దిమ్మెలు తయారుచేసే కంపెనీ.

నాకు నమ్మకం కలిగించింది వేరేది. 1970లలో జెనీవాలో కార్మిలోఫ్ స్మిత్, ఇన్‌హెల్డర్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరు పిల్లలకు దిమ్మెలిచ్చి సన్నటి కమ్మీ మీద ఒరగకుండా నిలబెట్టమన్నారు. కొన్ని దిమ్మెల్లో ఒక చివర బరువు దాచిపెట్టారు. నాలుగైదేళ్లవాళ్లు చేత్తో అటూ ఇటూ జరిపి నిలబెట్టేశారు. ఆరేడేళ్లవాళ్లు ఓడిపోయారు! ఎందుకంటే ‘నడిమధ్య పెడితే ఏదైనా నిలుస్తుంది’ అన్న సూత్రం వాళ్లకు అప్పటికే పట్టుబడింది. బరువు దాచిన దిమ్మె ఆ సూత్రానికి లొంగకపోతే దాన్ని పక్కన పడేశారు. ఇంకాస్త పెద్దవాళ్లు సూత్రాన్ని సవరించుకుని మళ్లీ గెలిచారు. పైకి వెనకబడినట్టు కనిపించిన పిల్ల లోపల ఒక మెట్టు ఎక్కి ఉండవచ్చు. వెనక వరుసలో కూర్చోబెట్టే బడులకు ఇది ఎవరు చెప్పాలో తెలియదు.

కృష్ణాతీరం, అలంపురం

మేస్త్రీ గారు రాళ్ల మాట ఎత్తారు కాబట్టి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి తర్వాత రాయి విప్పి, మా అలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. ఏ రాయి ఎక్కడిదో గుర్తుంటేనే అది సాధ్యం. పిల్లలకూ ఇది ఆటగా పెట్టవచ్చు. ఒకరు కట్టినదాన్ని ఫోనులో ఫొటో తీసి, విప్పేసి, ఫొటో చూసి ఇంకొకరు కట్టాలి. ముందు నుంచి తీసిన ఫొటోలో వెనక దిమ్మెలు కనపడవు, అక్కడ తగవు మొదలవుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. అన్నట్టు నవబ్రహ్మ ఆలయాల శిఖరాల గురించి కూడా

నిర్వాహకులు

ఆలయాలకు వేరే చర్చ నడుస్తోంది, కృష్ణాతీరం గారి మిగతా వ్యాఖ్యను అక్కడికి మార్చాము.

ఆయమ్మ, వనపర్తి జిల్లా

అందరూ కట్టడం గురించే చెబుతున్నారు. సర్దేది ఎవరు? మా టీచరమ్మ కూడా ఇలాగే ఉత్సాహపడింది. అన్నం గిన్నె పట్టుకుని వస్తుంటే కాలి కింద చెక్క ముక్క.

ఒకటో తరగతి పంతులమ్మ, కల్వకుర్తి

ఆయమ్మా, మీరు అడిగింది అందరికంటే ముందు అడగాల్సిన ప్రశ్న. గదిలో నడిచే దారి కాకుండా ఒక మూలకు పాత జంపఖానా వేయండి, దిమ్మెలు దాని అంచు దాటకూడదు. పడినప్పుడు చప్పుడు కూడా తగ్గుతుంది. బస్తాలో పోసి పెట్టకండి, పోస్తే ఆ ఆట పోయడంతోనే అయిపోతుంది. తక్కువ ఎత్తు అర పెట్టి, ప్రతి రకం దిమ్మె ఆకారాన్నీ రంగు కాగితంతో కత్తిరించి అర మీద అంటించండి. పిల్లలే ఆకారం చూసి సరిపోల్చి పెడతారు, ఆ సర్దడం కూడా పాఠమే.

నియమాలు ఎక్కువ వద్దు. ఇంకొకరు కట్టింది కూల్చకూడదు, నీ భుజం కంటే ఎత్తు కట్టకూడదు, దిమ్మె విసరకూడదు. పావుగంట ఇచ్చి లేపేయకండి, ఆ సమయం దిమ్మెలు మోసుకోవడానికే సరిపోతుంది. ముప్పావుగంటైనా ఉండాలి. మగపిల్లలు మూలను ఆక్రమించుకుంటే ఆడపిల్లలకు విడిగా రోజు పెట్టండి. మొహమాటం వద్దు.

నకిరేకల్ అన్న చెప్పిన పలక కూడా ఉండనీయండి. కట్టడం అయ్యాక తాము కట్టింది పలక మీద గీయమనండి. దాని పక్కన పిల్ల చెప్పిన మాట టీచరు రాయాలి, ‘బావి’ అంటే ‘బావి’ అనే. ఆ పలక ఇంటికి వెళుతుంది.

తంగేడుపువ్వు, నల్లగొండ జిల్లా

ఇన్నాళ్లూ రాయలేకపోయాను, క్షమించండి. దిమ్మెలు వచ్చాయి. వేపవి. జంపఖానా, అర, కాగితపు ఆకారాలు అన్నీ చెప్పినట్టే చేశాం.

మొదట్లో నిజంగానే మోసుకు తిరిగారు. ఒకడు మూటకట్టి తలమీద పెట్టుకుని ‘సైటుకు వెళుతున్నా’ అన్నాడు. మేస్త్రీ గారి మాట గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. తర్వాత అదే పిల్లవాడు నాలుగు వైపులా గోడ కట్టి, లోపల ప్లాస్టిక్ మేకను పెట్టాడు. కందిపప్పు కోసం వచ్చిన ఒక నాయనమ్మ చూసి ‘దర్వాజా లేకుండా కట్టావు, మేక మేతకు ఎట్లా వెళుతుందిరా?’ అంది. వాడు ఒక దిమ్మె తీశాడు, పైన ఉన్నవి కూలాయి. మళ్లీ కట్టాడు, మళ్లీ తీశాడు, మళ్లీ కూలాయి. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను, సార్ చెప్పినట్టు. నాయనమ్మ కూడా వెళ్లకుండా కూర్చుంది. చివరికి వాడు లేచి 28 దిమ్మె తెచ్చి రెండు పక్కలా ఆనించి దూలంలా వేశాడు. ‘ఇప్పుడు అయింది’ అంది ఆవిడ. ఆ రోజు పలక మీద ‘మేక దర్వాజా’ అని రాసి పంపాను.

ఆడపిల్లలు ఎక్కువగా బొడ్డెమ్మనే కడుతున్నారు. కింద పెద్ద చదరం, దాని మీద చిన్నది, ఆపైన ఇంకా చిన్నది. పైకి వెళ్లేకొద్దీ ఎన్ని తగ్గాలో వాళ్లలో వాళ్లే వాదించుకుంటున్నారు. పైన పెట్టడానికి పువ్వు లేకపోతే ఒప్పుకోవడం లేదు, కాబట్టి వాకిట్లో తంగేడు కొమ్మ బోడి అయిపోయింది.

జూన్ బస్సు సంగతి ఇప్పుడే చెప్పలేను. ఇద్దరు తల్లులు వచ్చి ఈ దిమ్మెలెందుకని అడిగారు, ఒకరు అలిగారు కూడా. ఇంకో మాట: సగం దిమ్మెలు కొన్ని పొట్టిగా ఉన్నట్టు అనుమానంగా ఉంది. పిల్లలే చెప్పారు, ‘ఇది అందట్లేదు’ అని.

ఇద్దరాడపిల్లల తండ్రి, నకిరేకల్

అలిగినవారి పక్షానే నేనూ ఉన్నాను, పలక రోజూ ఉంటేనే ఒప్పుకుంటాను. చిత్రిక గారూ, మా చిన్నమ్మాయికి ఒక ముప్పై దిమ్మెలు చేస్తే ఎంతవుతుంది?

చిత్రిక, మిర్యాలగూడ

దసరా దాకా తలుపుల పని ఉంది అన్నా, ఆ తర్వాత చేస్తాను. చెక్క మీరు తెస్తే కూలి మాత్రమే. మేడమ్, మీ వడ్రంగి 14ను నడిమికే కోసి ఉంటాడు.

పాలమూరు మేస్త్రీ, ప్రస్తుతం పుణే

టీచరమ్మా, కొలబద్ద అక్కర్లేదు. చదునైన బండ మీద ఒక అసలు దిమ్మెను పడుకోబెట్టండి. దాని పక్కనే రెండు సగాలను ఒకదాని వెనక ఒకటి, చివరకు చివర ఆనించి పెట్టండి. ఒక చివర రెండు వరుసలనూ గోడకు ఒత్తి, రెండో చివర మీద గోరు అడ్డంగా గీయండి. గోరు ఎక్కడ తట్టుకుంటే అవి పొట్టివి. వాటిని పారేయకండి, వేరే డబ్బాలో వేసి రాళ్లని ఇవ్వండి. మంచి సగాలతో కలపకండి.

మావాడి టీచరుకు కూడా ఈ చర్చ పంపాను. దీపావళికి ఊరికి వస్తాను, రసమట్టం తెస్తాను.